దోషం నాగలిదేనా?

‘గడ్డిపరకతో విప్లవం’ వాదనపై జంషెడ్‌పూర్ వరి పొలాల నుంచి ఒక పరిశీలన

సేద్యం గురించి బడిలో మనం మొట్టమొదట నేర్చుకునేది దుక్కి. దున్నితే నేల గుల్లబారుతుందనీ, గాలి ఆడుతుందనీ, వేళ్లు లోతుకు దిగుతాయనీ చదువుకుంటాం. ఇదే విద్యార్థి చేతికి జపాన్ రైతు మసనోబు ఫుకువోకా రాసిన ‘గడ్డిపరకతో విప్లవం’ వచ్చిందనుకోండి, ఆ పాఠం కాస్తా తలకిందులవుతుంది. దున్నడమే అనర్థాలకు మూలమనీ, వానపాములూ వేళ్లూ సూక్ష్మజీవులూ నేలను తామే దున్నుతాయనీ, మనిషి పక్కకు తప్పుకుంటే చాలుననీ ఆ పుస్తకం స్థూలంగా వాదిస్తుంది.

వీటిలో ఏది నిజం? వరి వరకు వస్తే రెండూ సగం నిజాలేనని ఈ వ్యాసం చెప్పదలచింది. దీన్ని పరీక్షించడానికి గోదావరి డెల్టా మాగాణికి బదులు జార్ఖండ్‌లోని జంషెడ్‌పూర్ పరిసరాలను తీసుకుందాం. ఉత్తరాంధ్ర నుంచి ఉక్కు కర్మాగారం పనికి వచ్చి స్థిరపడిన తెలుగు కుటుంబాలు ఈ ఊళ్లో ఎన్నో ఉన్నాయి. ఊరు దాటి ఘాట్‌శిల వైపు రైల్లో వెళ్తే మెట్లు మెట్లుగా దిగే వరి మడులు కనిపిస్తాయి. ఇక్కడి సేద్యం చాలావరకు వానమీద ఆధారపడింది. ఏడాది వానలో దాదాపు అయిదింట నాలుగు వంతులు జూన్, సెప్టెంబరు మధ్యే కురుస్తుంది. నేల ఎర్రది, ఆమ్ల గుణం కలది. ఏ సిద్ధాంతమైనా నిలబడుతుందో లేదో తేల్చుకోవడానికి ఇంతకంటె మంచి చోటు దొరకదు.

పుస్తకం బలం

ఫుకువోకా (1913–2008) శాస్త్రం తెలియక శాస్త్రాన్ని విమర్శించినవాడు కాడు. మొక్కల తెగుళ్లు చదివి, యోకహామా రేవులో మొక్కల తనిఖీ ఉద్యోగం చేసి, దాన్ని వదులుకుని షికోకు దీవిలోని సొంత ఊరికి వెళ్లి సేద్యం మొదలుపెట్టాడు. ఆయన పుస్తకం జపాన్ భాషలో 1975లో, ఇంగ్లీషులో 1978లో వెలువడింది. తర్వాత తెలుగుతో సహా ఎన్నో భాషల్లోకి వెళ్లింది. 1988లో ఆయనకు రామన్ మెగసెసే అవార్డు లభించింది.

ఆయన పద్ధతి క్లుప్తంగా ఇది. శరత్కాలంలో వరి ఇంకా నిలబడి ఉండగానే అందులో తెల్ల క్లోవర్ విత్తనాలు, ఆపైన బార్లీ లేదా రై విత్తనాలు చల్లుతాడు. వరి కోశాక, వచ్చే ఏటి వరి విత్తనాలను మట్టి ఉండల్లో చుట్టి అదే పొలంలో వేస్తాడు. నూర్చిన గడ్డినంతా తిరిగి పొలంమీద పరుస్తాడు. అది కుళ్లడానికి కొంత కోళ్ల ఎరువు చల్లుతాడు. వేసవి మొదట్లో బార్లీ కోతకొస్తుంది. జూన్‌లో కొద్దిరోజులు మాత్రం నీరు నిలబెట్టి కలుపును, క్లోవర్‌ను బలహీనపరుస్తాడు. అంతటితో వరి పైకి లేస్తుంది. నాగలి లేదు, నారుమడి లేదు, నాటు లేదు. దిగుబడి మాత్రం ఇరుగుపొరుగు రైతులకు తీసిపోదని ఆయన చెబుతాడు.

ఈ పద్ధతిలో సోమరితనం లేదని గమనించాలి. ప్రతి పనికీ తిథి ఉంది, క్రమం ఉంది. తండ్రి నారింజ తోటను ఒక్కసారిగా దాని మానాన వదిలేస్తే చెట్లు చచ్చిపోయాయని ఆయనే దాపరికం లేకుండా రాసుకున్నాడు. ఊరకే వదిలేయడం వేరు, ప్రకృతి సేద్యం వేరు అని ఆ అనుభవం నుంచి నేర్చుకున్నానన్నాడు. ఆయన పేరు చెప్పి ‘ఏమీ చేయనక్కర్లేదు’ అనేవారు ఈ భాగాన్ని మళ్లీ చదవాలి.

అడవి పోలిక ఎక్కడ ఆగుతుంది?

పుస్తకంలోని ప్రధాన తర్కం అడవిది. అడవిని ఎవరూ దున్నరు, అయినా అక్కడ నేల మెత్తగా ఉంటుంది. ఇది నిజమే. జంషెడ్‌పూర్‌కు ఎదురుగా ఉన్న దల్మా కొండల సాల అడవిలో ఎండుటాకులు తొలగించి వేలితో తాకి చూస్తే తెలుస్తుంది.

అయితే పోలిక ఇక్కడే ఆగిపోతుంది. అడవి నుంచి ఏటా పంట కోసి ఎవరూ బయటికి పంపరు. వరి పొలం నుంచి టన్ను ధాన్యం బస్తాల్లోకి ఎక్కిందంటే, దానితో 10 కిలోలకు పైగా నత్రజని పొలం దాటిపోతుంది. అడవిలో ఏ మొక్క గెలిచినా అడవి అడవే. పొలంలో వరి తప్ప మరేది గెలిచినా రైతు ఓడినట్టే. నాగలి పుట్టింది ప్రధానంగా ఈ పోటీలో వరి పక్షం వహించడానికి. దాన్ని తీసేస్తే ఆ పని మరొకటి చేయాలి. ఫుకువోకా పొలంలో క్లోవర్, గడ్డి, సకాలంలో అందే నీరు కలిసి ఆ పని చేశాయి. ఈ మూడూ లేనిచోట ఏం జరుగుతుందన్న ప్రశ్నకు పుస్తకంలో సరైన జవాబు లేదు.

దమ్ములో జరిగేదేమిటి?

ఇప్పుడు పాఠ్యపుస్తకం సంగతి చూద్దాం. దుక్కి నేలను గుల్లబరుస్తుందన్న మాట వేరుశనగకో, మొక్కజొన్నకో సరిగ్గా సరిపోతుంది. వరికి చేసే దమ్ము దీనికి పూర్తిగా వ్యతిరేకం. నీళ్లు నిలిచిన మడిలో నాగలిని తిప్పి తిప్పి, చదును చేసే పని నేలను గుల్లబరచడానికి కాదు, ఉన్న గుల్లతనాన్ని పోగొట్టడానికి.

మామూలు మట్టిలో రేణువులు చిన్న చిన్న గడ్డలుగా అతుక్కుని ఉంటాయి. గడ్డల మధ్య పెద్ద రంధ్రాల గుండా నీరు కిందికి జారిపోతుంది. తడి మట్టిని కలియదున్నితే ఈ గడ్డలు చితికిపోతాయి. బంకమన్ను రేణువులు విడివడి, నెమ్మదిగా పేరుకుని రంధ్రాలను మూసేస్తాయి. ఎద్దుల గిట్టలు, నాగలి అడుగు ఏళ్ల తరబడి ఒకే లోతులో నొక్కడంవల్ల 15–20 సెంటీమీటర్ల కింద గట్టి పొర ఏర్పడుతుంది. ఈ రెండింటివల్ల నీరు ఇంకడం బాగా తగ్గుతుంది. నీటితోపాటు పోయే ఎరువూ నిలుస్తుంది. కలుపు మొక్కలు మట్టిలో కలిసిపోతాయి, మిగిలిన విత్తనాలు నీటి అడుగున మొలవలేవు. మెత్తటి బురదలో నాటు వేయడం తేలిక.

దీనికి చెల్లించే మూల్యం కూడా చిన్నది కాదు. దమ్ముకు సాధారణంగా 150 నుంచి 200 మిల్లీమీటర్ల నీరు కావాలి. ఎకరానికి లెక్కకడితే 6 నుంచి 8 లక్షల లీటర్లు. కాలువ కింద రైతుకు అది కాలువ ఇస్తుంది. వాన కింద రైతు ఆకాశం వైపు చూడాలి. వరి కోసిన తర్వాత అదే బురద ఎండి, బీటలు వారి, రాయిలా గట్టిపడుతుంది. అందులో శనగో ఆవాలో వేస్తే వేళ్లు గట్టిపొరను దాటలేవు. అంటే వరికి మేలు చేసిన దుక్కే తర్వాతి పైరుకు శత్రువవుతుంది.

ఇక నేల రకం సంగతి. మధ్యరకం నేలల్లో దమ్ము ఫలితం స్పష్టంగా కనిపిస్తుంది. నల్లరేగడి వంటి బరువు నేలలో నీరు ఎలాగూ నెమ్మదిగానే ఇంకుతుంది కాబట్టి దమ్మువల్ల అదనంగా వచ్చేది తక్కువ. మరీ ఇసుక నేలలో రంధ్రాలను మూయడానికి తగినంత బంకమన్నే ఉండదు.

ఎర్రమట్టి రంగు మారడం

జంషెడ్‌పూర్ కథ ఇనుముతో మొదలైంది. మయూర్‌భంజ్ ప్రాంతంలోని ఇనుప ఖనిజం గురించి భూగర్భ శాస్త్రవేత్త ప్రమథనాథ్ బోస్ 1904లో జంషెడ్జీ టాటాకు తెలియజేశాడు. 1907లో కంపెనీ ఏర్పడింది, 1912లో ఉక్కు తయారీ మొదలైంది. కర్మాగారాన్ని రప్పించిన ఇనుమే ఇక్కడి పొలాల్లో మట్టిని ఎర్రగా ఉంచుతోంది. దుక్కి చర్చలో ఈ ఇనుముకు ముఖ్యమైన పాత్ర ఉంది.

మడిలో నీరు నిలిచాక మట్టిలోని ఆక్సిజన్‌ను సూక్ష్మజీవులు ఒకటి రెండు రోజుల్లోనే ఖర్చుచేసేస్తాయి. ఆ తర్వాత అవి నైట్రేట్‌ను, మాంగనీసును, ఆపైన ఇనుమును వాడుకుంటాయి. ఎర్రటి ఫెర్రిక్ రూపంలోని ఇనుము నీటిలో కరిగే ఫెర్రస్ రూపానికి మారుతుంది. దమ్ము చేసిన మడిలో కొన్ని వారాల తర్వాత చేయి పెట్టి లోపలి మట్టి తీస్తే, ఎరుపు పోయి బూడిద రంగు కనిపించడానికి కారణం ఇదే. ఈ మార్పులో ఆమ్లత తగ్గి, పిహెచ్ 7కు దగ్గరగా వస్తుంది. ఇనుము పట్టుకుని ఉన్న భాస్వరం కొంత విడుదలవుతుంది. వేళ్లకు హాని చేసే అల్యూమినియం అడుగంటుతుంది. అంటే ఆమ్ల నేలలో నీరు నిలపడం కొంతవరకు సున్నం వేసినట్టే పనిచేస్తుంది. ఫిలిప్పీన్స్‌లోని అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థలో పనిచేసిన శ్రీలంక శాస్త్రవేత్త ఫెలిక్స్ పొన్నంపెరుమ 1972లో ప్రచురించిన సమీక్షలో ఈ రసాయన క్రమాన్నంతా విశదీకరించాడు.

అదే సంస్థలో 1963లో మొదలై, తర్వాత ఏటా మూడు పంటల వరి పండిస్తూ సాగుతూ వచ్చిన దీర్ఘకాల ప్రయోగం ఒకటుంది. ఏటేటా దమ్ము చేసినా అక్కడి నేలలో సేంద్రియ పదార్థం తరిగిపోలేదు. గాలి అందని మట్టిలో కుళ్లడం నెమ్మదిగా సాగడమే దీనికి ముఖ్య కారణం. దున్నిన కొద్దీ నేల సారం హరించుకుపోతుందన్న వాదన గాలి ఆడే మెట్ట నేలలకు వర్తించినంతగా నీరు నిలిచే వరికి వర్తించదని దీన్నిబట్టి తెలుస్తుంది.

నాణేనికి రెండో ముఖమూ ఉంది. గాలి అందని ఈ మట్టి నుంచే భూతాపాన్ని పెంచే మీథేన్ వాయువు వెలువడుతుంది. పైమడుల నుంచి ఊరి దిగిన ఇనుము పల్లపు మడుల్లో మోతాదు మించి చేరితే వరి ఆకులు కంచు రంగుకు తిరుగుతాయి. అక్కడ మధ్యలో ఒకసారి నీరు తీసి ఆరబెట్టడం మేలు.

ఒకే ఊరు, మూడు జవాబులు

ఛోటా నాగపూర్ పీఠభూమి రైతులు ఎత్తు భూములను టాండ్ అనీ, వరి మడులుగా మలచిన పల్లపు భూములను దోన్ అనీ పిలుస్తారు. వాటిలోనూ మళ్లీ తరగతులున్నాయి. మన మెట్ట, పల్లం విభజనకు ఇది దగ్గరగా ఉంటుంది.

మొదట పైభాగం. ఇక్కడ గులకరాళ్లతో కూడిన తేలికపాటి ఎర్రనేల ఉంటుంది. వాన పడితే నీరు నిలవదు. దమ్ముకు అర్థమే లేదు. స్థానికులు గోరా ధాన్ అనే స్వల్పకాలిక వరిని పొడి దుక్కిలో వెదజల్లుతారు. హజారీబాగ్‌లోని మెట్ట వరి పరిశోధన కేంద్రం నుంచి 1992లో వచ్చిన ‘వందన’ రకం ఇలాంటి నేలలకోసమే. వాలు ఉన్న నేలను దున్ని వదిలితే తొలకరి జల్లులకే పైమట్టి కొట్టుకుపోతుంది. ఫుకువోకా హెచ్చరిక అక్షరాలా వర్తించేది ఇక్కడే. విచిత్రమేమంటే ఆయన పద్ధతి అమలు అన్నిటికంటె కష్టమయ్యేదీ ఇక్కడే. నీటి పొర అణచిపెట్టదు కాబట్టి ఊద, తుంగ వంటి కలుపు వరికంటె ముందే లేస్తుంది.

అడుగు భాగంలో పరిస్థితి వేరు. పైనుంచి దిగే నీరు దానంతటదే చేరుతుంది, బంకమన్ను ఎక్కువ. దమ్ముకు కావలసిన నీరు దొరుకుతుంది, ఫలితమూ ఉంటుంది. ఇక్కడ నాగలిని నిందించడానికి కారణం కనిపించదు.

అసలు చిక్కు నడిమి మడులది. దమ్ముకు సరిపడా వాన జూలై చివరిదాకా రాకపోతే, నారు ముదురుతుంది, నాటు ఆగస్టులోకి జరుగుతుంది, దిగుబడి పడిపోతుంది. అదే రైతు జూన్ తొలి పదునుకే పొడి దుక్కిలో నేరుగా విత్తితే వానకోసం ఆగే పని తప్పుతుంది. నాటు వేసినప్పుడు మొక్కకు తగిలే దెబ్బ ఉండదు కాబట్టి పంట సాధారణంగా వారం పది రోజులు ముందు వస్తుంది. 2010లో విడుదలైన ‘సహభాగి ధాన్’ వంటి బెట్టను తట్టుకునే రకాలు ఇందుకు తోడ్పడతాయి. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో పెద్దలు ఎరిగిన వెద వరి ఇదే కోవకు చెందింది. అయితే ఇక్కడా కలుపు కాచుకుని కూర్చుంటుంది.

దానికి ఈ ప్రాంతాలవారు కనిపెట్టిన ఉపాయం మన పాఠ్యపుస్తకంలోనూ, ఫుకువోకా పుస్తకంలోనూ లేదు. ఛత్తీస్‌గఢ్‌లో బియాసి అనీ, ఒడిశాలో బ్యుషన్ అనీ పిలుస్తారు. వెదజల్లిన వరి మొలిచి నాలుగైదు వారాలయ్యాక, మడిలో జానెడు లోపు నీరు నిలవగానే, నిలబడి ఉన్న పైరులోనే తేలికపాటి నాగలితో అడ్డంగా దున్నుతారు. తొలిసారి చూసినవారు పైరు నాశనమైందనుకుంటారు. కాని కలుపు మునిగి చస్తుంది, ఒత్తుగా ఉన్న వరి పలచబడుతుంది, ఒరిగిన మొక్కలు తేరుకుని పిలకలు వేస్తాయి. ఖాళీ చోట్ల సర్దడానికి మొక్కలూ దొరుకుతాయి. లోపం లేకపోలేదు: సమయానికి నీరు నిలవకపోతే పని వాయిదా పడి కలుపు గెలుస్తుంది. తక్కువ కూలీలతో, తక్కువ నష్టభయంతో గట్టెక్కే రైతు లెక్క ఇందులో ఉంది. దుక్కి కావాలా వద్దా అని అడిగేవారికి ఈ పద్ధతి ఇచ్చే జవాబు ఒకటే: ఎప్పుడు, ఎంత నీటిలో అని అడగండి.

గడ్డి ఎవరిది?

ఫుకువోకా పద్ధతికి ప్రాణం గడ్డి. టన్ను వరిగడ్డిలో 5 నుంచి 8 కిలోల నత్రజని, 12 నుంచి 17 కిలోల పొటాషియం ఉంటాయి. దాన్ని పొలానికి తిరిగి ఇవ్వాలన్న ఆయన మాటను ఏ నేల శాస్త్రవేత్తా కాదనడు.

కాని సింగ్‌భూమ్ పల్లెలో వరిగడ్డి పశువుల మేత. కొన్నిళ్లకు పైకప్పు కూడా. దాన్ని పొలంమీద పరచమంటే ఎద్దుకు ఏం పెట్టాలన్నది మొదటి ప్రశ్న. పరిచిన గడ్డికి మెట్ట నేలలో చెదలు పట్టడం మరో ఇబ్బంది. అంతకంటె పెద్ద విషయం, కోతలు కాగానే పశువులను పొలాలమీదికి విడిచిపెట్టే ఆచారం. ఒక్క రైతు తన మడిలో క్లోవర్‌నో, చలికాలపు పైరునో నిలుపుకోవాలంటే ఊరంతా పశువులను కట్టేయడానికి ఒప్పుకోవాలి. నాగలి మానడం ఒక రైతు నిర్ణయం. నేలను పచ్చగా కప్పి ఉంచడం ఊరి నిర్ణయం. పుస్తకం మొదటిదాని గురించే మాట్లాడింది. పంట మార్పిడిపై ఇక్కడ జరిగే ఏ ప్రయత్నమైనా రెండోదాని దగ్గరే తేలుతుంది. వరి తర్వాత భూములు బీడుగా మిగిలిపోవడానికి గట్టిపడిన నేల ఎంత కారణమో, విడిచిన పశువులూ అంతే కారణం.

అయినా దున్నకుండా పండించడం మనవారికి కొత్తేమీ కాదు. కృష్ణా, గోదావరి డెల్టాల్లో వరి కోతకు రెండు మూడు రోజుల ముందు నిలువు పైరులోనే మినుములు, పెసలు చల్లడం పాత పద్ధతి. మిగిలిన తేమే వాటికి ఆధారం. జార్ఖండ్‌లోనూ ఉతేరా లేదా పైరా పేరుతో ఖేసారి, అవిసె వంటివాటిని ఇలాగే వేస్తారు. దమ్ము చేసిన నేల ఎండి గట్టిపడే లోపే మొలక లోపలికి దిగేలా చూసుకోవడం ఇందులోని కిటుకు. వరికి దమ్ము, పప్పుకు దుక్కి లేని విత్తు: ఒకే మడిలో రెండు సూత్రాలనూ కలిపిన తెలివి ఇది.

పేరు ఒకటి, పద్ధతులు రెండు

చివరగా మరో గందరగోళాన్ని తొలగించుకోవాలి. ఇవాళ దుక్కి లేని సేద్యం అనే మాట కింద రెండు పరస్పర విరుద్ధమైన పద్ధతులు నడుస్తున్నాయి. ఒకటి ఫుకువోకాది, కలుపు మందులను ఆయన పూర్తిగా తిరస్కరించాడు. రెండోది యంత్రాలతో విస్తారంగా సాగేది. అందులో నాగలి చేసే కలుపు పనిని ఎక్కువగా మందులకు అప్పగించారు. మనదేశంలో 2022 అక్టోబరులో కేంద్ర ప్రభుత్వం గ్లైఫోసేట్ వాడకాన్ని లైసెన్సు పొందిన చీడల నివారణ నిర్వాహకులకే పరిమితం చేసింది. కాబట్టి ఎవరైనా దున్నకుండా వరి పండించామంటే, కలుపును ఎవరు చూసుకున్నారని తప్పక అడగాలి. ఈ ప్రశ్నకు జవాబు లేని విజయగాథ అసంపూర్ణం.

మీరే చేసి చూడండి

రెండు ప్లాస్టిక్ సీసాల అడుగు కోసి, మూతి దగ్గర పలుచని గుడ్డ కట్టి తలకిందులుగా నిలబెట్టండి. రెండింటిలోనూ ఒకే పొలం మట్టిని సమానంగా పోయండి. మొదటిదానిలో నీటిని మెల్లగా పోసి వదిలేయండి. రెండోదానిలో నీరు పోసి పుల్లతో బురద అయ్యేదాకా కలిపి, రాత్రంతా పేరుకోనివ్వండి. మరునాడు రెండింటిలోనూ ఒకే ఎత్తుకు నీరు నింపి, గంటలో ఎంత నీరు కారిందో కొలవండి. ఇసుకపాలు ఎక్కువున్న మట్టితో ఒకసారి, చెరువు మట్టితో ఒకసారి చేస్తే నేల రకాన్నిబట్టి దమ్ము ఫలితం ఎలా మారుతుందో తెలుస్తుంది. రెండోరకం సీసాను ఎండబెట్టి, ఆ మట్టిలో పెసర గింజ నాటి చూడండి. తర్వాతి పంట కష్టం కూడా అర్థమవుతుంది.

‘గడ్డిపరకతో విప్లవం’ చదవదగ్గ పుస్తకం. అలవాటుగా చేసే ప్రతి పనినీ ఎందుకు చేస్తున్నామని అడగడం అది నేర్పుతుంది. ఆ ప్రశ్నను మాత్రం ఆ పుస్తకానికీ వేయాలి. షికోకులో ఒక మనిషి దశాబ్దాలపాటు తన మడిని చూసి కనుక్కున్న జవాబు అది. టాండ్ నేలలో ఆ జవాబులో సగం పనికొస్తుంది, నడిమి మడిలో దాన్ని సవరించుకోవాలి, పల్లపు దోన్‌లో పెద్దగా అవసరం రాదు. ఆయన నుంచి తెచ్చుకోవలసింది విత్తనపు ఉండలకంటె ముందు, ఒకే మడిని ఏళ్ల తరబడి గమనించిన ఆ ఓపికను.